లోపలి పిట్ట

తొమ్మిదో వారం

డెల్ఫీనా నోటి మాటే డెల్ఫీనా మెడకు చుట్టుకుంది. ఆ కాగితం ఆమె చేతిలో ఉండగానే పోయిన వారం మనం లేచాం. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం ఆ నాలుగు ముక్కలూ చెప్పుకుని ముందుకు పోదాం.

తండ్రి వదిలిపోయిన అడవి పదకొండు మన్సానాలు, మన లెక్కన పంతొమ్మిది ఎకరాలు. నడుమ వాగు. వాగుకు పడమటి సగం తమ్ముడు అన్సెల్మోది, తూర్పు సగం అక్క డెల్ఫీనాది. ఆమె ఇల్లూ, పిట్టలు చూడవచ్చే వాళ్ళకు అద్దెకిచ్చే రెండు గదులూ ఆ తూర్పు కొసనే ఉన్నాయి. పడమట అన్సెల్మో కంచె దాటితే ఇక కంటికి ఆనినంత మేరా కంపెనీ వాళ్ళ అనాసతోటలే. అన్సెల్మో తన సగం ఆ కంపెనీకి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. సర్వేవాళ్ళు వచ్చి కంచె దగ్గర ఒకటో నంబరు కర్రమేకు కొట్టి, వాగు ఒడ్డున ఇరవై రెండో మేకుతో ముగించి వెళ్ళారు. అన్సెల్మో ఒక్కొక్క మేకునూ చేత్తో తట్టి లెక్కపెట్టుకున్నాకే సంతకం చేశాడు.

మిగిలింది ఒకటే అడ్డు. సర్కారు కాగితంలో ఆ నేల 'అడవి' అని ఉంటే సొంతదారుడైనా చెట్టు మీద చెయ్యి వెయ్యడానికి లేదు. 'తుప్ప' అని ఉంటే నరికి, దున్ని, ఏదైనా వేసుకోవచ్చు. ముప్ఫై ఏళ్ళ కిందట తండ్రే ఆ సగంలో పెద్ద చెట్లు కొట్టించాడు. అందుకని చెట్ల లెక్క అటూ కాక ఇటూ కాక ఊగుతోంది. అలాంటి చోట ఏ జీవాలు తిరుగుతున్నాయో కూడా ఆఫీసరు కనుక్కుని రాయాలి. రాశాడు. 'సాక్షి: డెల్ఫీనా. నేల మీద మేసే పిట్ట: కోమెమాయిస్.'

కోమెమాయిస్ అంటే మొక్కజొన్న తినేది. కొండ మీది పట్నాల్లో పార్కు బెంచీల కింద రొట్టెముక్కలు ఏరుకునే పిచ్చుక. అది గెంతే చోటును అడవి అని ఎవరూ అనరు. అడవి నిలబడాలని ఊరంతా తిరిగి సంతకాలు పెట్టించిన మనిషే, అది అడవి కాదని సాక్ష్యం చెప్పినట్టు తేలింది. తమ్ముడి సగం పోతే తన సగం కూడా ఎంతోకాలం నిలవదని ఆమెకు తెలుసు. ఆ చీకటి నేల మీద బతికే పిట్టలు ఎండ పడే చోటు దాటవు. ముక్క చిన్నదయ్యే కొద్దీ ఒక్కొక్కటే మాయమైపోతాయి. ఆమె అభ్యంతరం రాసి పంపింది. పదిహేను రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగింది, తన సగంలో అడుగు పెట్టే తీరిక కూడా లేకుండా. చివరికి ఆఫీసరు గురువారం వచ్చి మళ్ళీ చూస్తానని కబురు పెట్టాడు.

గురువారం వచ్చింది. జూన్ నెల. రాత్రి కురిసిన వాన తెల్లారేసరికి తెరిపి ఇచ్చింది. పదకొండు కొట్టేసరికి మళ్ళీ అందుకుంటుందని ఈ సారపికీ ప్రాంతంలో పుట్టిన ఎవరినడిగినా చెబుతారు. ముగ్గురూ ఎనిమిదికే డెల్ఫీనా వంటింటికి చేరారు.

ఆఫీసరు ఉబాల్డోకు అరవై దగ్గర పడుతున్నాయి. కొండ మీది మనిషి, ఈ పల్లపు ఉక్క ఆయనకు పడదు. కొత్త రబ్బరు బూట్లు వేసుకొచ్చి, అవి కరుస్తుంటే బల్ల కింద కాళ్ళు కదుపుతూ కూర్చున్నాడు. రెండోవాడు ఫాబ్రీసియో, జంతుశాస్త్రం చదివినవాడు. ముప్ఫై దాటి ఉంటాయి. కంపెనీ పిలిపించుకున్న నిపుణుడు. మూడోవాడు అన్సెల్మో. గడప దగ్గరే నిలబడిపోయాడు. ఫిబ్రవరిలో ఈ నేల ఇవ్వడం మీద గొడవైనప్పటి నుంచీ అతను ఆ వంటింట్లో కూర్చోలేదు. డెల్ఫీనా గుడ్డ సంచీలో కాఫీ వడకట్టి నలుగురికీ పోసింది. జున్ను పెట్టిన రొట్టెలు నలుగురి ముందూ పెట్టింది. అన్సెల్మో తన రొట్టె నిలబడే తిన్నాడు. తగువు రొట్టెతో కాదు కదా.

కప్పులు ఖాళీ అయ్యాక ఆమె చక్కెర డబ్బా కింద నుంచి ఆ కాగితం నకలు తీసి ఆఫీసరు ముందు పెట్టింది.

"ఇందులో ఉన్నది నేను చెప్పిందేనా, డోన్ ఉబాల్డో?"

"మీరు చెప్పిందే డోన్యా డెల్ఫీనా. నా చెవులతో విన్నాను."

"నేను రెండు మాటలు చెప్పాను. మీరు ఒకటి రాసుకున్నారు."

లోపలి కోమెమాయిస్ అని తను అన్నట్టు ఆమె గుర్తు చేసింది. ఆయన కళ్ళజోడు పైకి తోసి కాసేపు ఆలోచించాడు. అవును, లోపలి అన్న మాట విన్నట్టే ఉంది. కంచె లోపల ఉంటాయి అంటున్నారనుకున్నాను, కంచె బయటి పిట్టలతో నాకేం పని, అన్నాడు. ఆ మాటకు అన్సెల్మోకు కూడా నవ్వొచ్చింది. కాఫీ కప్పు అడ్డం పెట్టుకున్నాడు.

అప్పుడు డెల్ఫీనా తండ్రి సంగతి చెప్పవలసి వచ్చింది. ఆయన పంతొమ్మిదేళ్ళ వయసులో కొండ మీది కాఫీ ఊరి నుంచి ఒక మచ్చుకత్తీ ఒక దుప్పటీ పట్టుకుని ఈ పల్లానికి దిగినవాడు. ఇక్కడి చెట్ల పేర్లు ఆయనకు తెలియవు, పిట్టల పేర్లు అసలే తెలియవు. తెలియదని ఒప్పుకునే మనిషీ కాదు. వచ్చేటప్పుడు తెచ్చుకున్న పేర్లే ఇక్కడివాటికి తగిలించాడు. నేల మీద గెంతేది ఏదైనా ఆయనకు కోమెమాయిసే. ఇంటి వెనక తుప్పల్లో పొర్లాడేది బయటి కోమెమాయిస్. అడవిలో ఆకులు తిరగేసేది లోపలి కోమెమాయిస్. పిల్లలిద్దరూ ఆ పేర్లతోనే పెరిగారు. ఒక ఇంటి నిఘంటువు అది. ఆ ఇంటి గడప దాటితే చెల్లదు. అసలు కోమెమాయిస్ ఈ పల్లంలో ఒక్కటీ లేదు.

"మీ పార్కు పిట్ట ఇక్కడికొస్తే ఉక్కపోతకే చస్తుంది. మీరే చూడండి, కూర్చున్నచోటే చెమటలు కక్కుతున్నారు," అంది డెల్ఫీనా.

ఆఫీసరు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. సంతకమైన కాగితంలో ఉన్నది చెరపడానికి వీల్లేదనీ, కింద చేర్చడానికి మాత్రం వీలుందనీ చెప్పాడు. అయితే మీ నాన్నగారి నిఘంటువు నాకు సాక్ష్యం కాదు, పిట్ట కావాలి, అన్నాడు.

పిట్ట నా దగ్గరుంది అన్నాడు ఫాబ్రీసియో. ఫోను తీసి బల్ల మీద పెట్టాడు.

కంపెనీ మనుషులు అడవిలో చెట్టుకు కట్టే కెమెరా ఒకటుంది. దాని ముందు ఏది కదిలినా దానంతట అదే ఫొటో తీసుకుంటుంది. తొమ్మిది రోజుల కిందట, తెల్లవారే మసకలో అది పట్టుకున్న పిట్ట ఇది. ఆ వెలుతురులో ఆ కెమెరా రంగులు పట్టదు. అంతా తెలుపూ బూడిదా. ఫాబ్రీసియో బొమ్మను వేళ్ళతో పెద్దది చేసి పిట్ట ఒక్కటే తెర నిండా కనబడేలా పెట్టాడు.

అతను చెప్పింది తేలికగానే ఉంది. ఈ చుట్టుపక్కల తల మీద చారలున్న నేలపిచ్చుకలు రెండు రకాలు. అడవి లోపల ఉండేదానికి ముక్కు నారింజరంగు, ఈ కెమెరాలో ఆ రంగు తెల్లగా పడుతుంది. తుప్పల్లో ఉండేదానికి ముదురు ముక్కు, అది నల్లగా పడుతుంది. ఈ పిట్ట ముక్కు ఎలా ఉందో మీరే చూడండి, అన్నాడు. ఆఫీసరు చూశాడు. బొగ్గులా ఉంది. తుప్పల పిచ్చుక తిరిగేది తుప్పల్లోనే అని ఫాబ్రీసియో ఫోను వెనక్కి తీసుకోబోయాడు.

డెల్ఫీనా ఫోను మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. కళ్ళజోడు తగిలించుకుని, బియ్యంలో రాళ్ళు చూసినట్టు ఆ బొమ్మను చూసింది.

"ఇది పిల్ల," అంది.

ఎందుకో కూడా చెప్పింది. తుప్పల పిచ్చుక రొమ్ము శుభ్రంగా ఉంటుంది, ఏ మచ్చా ఉండదు. దీని రొమ్ముకు అడ్డంగా మసి పూసినట్టుంది. పెద్దదయ్యాక అక్కడ నల్ల పట్టీ వస్తుంది. నోటి మూలలు ఇంకా ఉబ్బి ఉన్నాయి, తోక సగమే దిగింది. గూడు దిగి రెండు వారాలు అయ్యుంటుందేమో. లోపలి పిట్టకు పుట్టుకతో నారింజ ముక్కు రాదు. నల్ల ముక్కుతోనే గూడు దిగుతుంది.

మసి కాదు అది నీడ, కాకపోతే బురద, అన్నాడు ఫాబ్రీసియో, మర్యాదగానే. గడప దగ్గర నుంచి అన్సెల్మో అందుకున్నాడు.

"మా అక్క స్టేషన్లో పంతొమ్మిదేళ్ళు చిక్కుడుగింజలు ఉడకబెట్టింది సార్. ఇప్పుడు ముక్కులు చదువుతోంది."

"గింజలు ఉడికేదాకా ఖాళీయే కదరా. అప్పుడే చదువుకున్నా," అంది డెల్ఫీనా.

నిజంగా అప్పుడే నేర్చుకుంది. అడవుల మీద పరిశోధన చేసేవాళ్ళ స్టేషన్ అది. పొద్దున పొయ్యి మీద గింజలు పెట్టేసి, వలలు కట్టే డాక్టర్ మార్గిట్ వెంట గుడ్డసంచులు మోసేది. ఒక జూన్లోనే, వలలో ఇలాంటి మసిపిట్ట పడితే, ఇది బయటిది, మా నాన్న చెప్పాడు, అని డెల్ఫీనా పట్టుబట్టింది. మార్గిట్ వాదించలేదు. పిట్ట కాలికి నంబరున్న ఉంగరం వేసి వదిలేసింది. నాలుగు నెలల తరవాత అదే వలలో పిట్ట పడింది. అదే ఉంగరం, అదే నంబరు. ముక్కు మాత్రం క్యారెట్టు. ఆ రోజు డెల్ఫీనా గింజలు మాడబెట్టింది.

ఆఫీసరు ఇద్దరి మాటలూ విన్నాడు. నేను చెట్ల మనిషిని, పిట్టల మనిషిని కాను అన్నాడు. ఒక బొమ్మ, ఇద్దరి చదువు. బొమ్మను నమ్మి రాస్తే మొన్నటిలాగే అవుతుంది. పిల్ల అంటున్నారు కాబట్టి దాని తల్లో తండ్రో ఉండాలి కదా, నారింజ ముక్కుతో. పదకొండు లోపు అన్సెల్మో సగంలో అది నా కంటికి కనబడితే ఒకలా రాస్తాను, కనబడకపోతే మొన్న రాసిందే ఉంచుతాను అన్నాడు. ఆయన లేచేసరికి తొమ్మిది కావస్తోంది.

వాగు మీది దుంగవంతెన వరదకు కొట్టుకుపోయి ఉంది. అందుకని జీపులో రోడ్డు చుట్టూ తిరిగి, అనాసతోటల మీదుగా అన్సెల్మో కంచె దగ్గర దిగారు. మేకు ఒకటి, మేకు రెండు. తెల్ల రంగుతో రాసిన అంకెలు వానకు కడిగినట్టు మెరుస్తున్నాయి. కంచె దాటి యాభై అడుగులు వేసేసరికి ఎండ వెనక ఉండిపోయింది. అన్సెల్మో ముందు నడిచాడు. పాముల కోసం నేల చూసి అడుగు వెయ్యడం, కొమ్మలు మచ్చుకత్తి వెన్నుతో పక్కకు నెట్టడం చిన్నప్పటి అలవాటు. కొమ్మలు నరకలేదు. ఎలాగూ పోయే అడవే కదా అని కూడా నరకలేదు. ఆ సంగతి డెల్ఫీనా గమనించింది.

దారిలో ఒక గట్టు వారగా ఆమె ఆగి, వంగి, ఎండాకుల కుప్ప ఒకటి చూపించింది. పై నుంచి చూస్తే చెత్త. పక్కకు వంగి చూస్తే దానికి ఒక నోరు ఉంది. కప్పు వేసిన గూడు. ఎండాకులూ వేళ్ళూ అల్లి, పైన పచ్చి నాచు కప్పి ఉంది. ఇందులో రెండే గుడ్లు పెడుతుంది, తెల్లవి, గోధుమరంగు చుక్కలతో, తల్లి ఒక్కతే పొదుగుతుంది అని చెప్పింది. ఇప్పుడు ఖాళీ. తుప్పల పిచ్చుక కూడా కప్పున్న గూడే కడుతుంది కదా అన్నాడు ఫాబ్రీసియో. కడుతుంది, కానీ పొద మీద నడుం ఎత్తున కడుతుంది, నేల మీద కాదు, దాని గుడ్లకు చుక్కలుండవు, అంది డెల్ఫీనా. చూపడానికి గుడ్లు లేవు కాబట్టి ఆ వాదన అక్కడికే ఆగింది. ఆఫీసరు గూడును రాసుకున్నాడు. పిట్టను రాసుకోలేదు.

ఇరవై రెండో మేకు దగ్గర, వాగు ఒడ్డున, అందరూ ఆగారు. పది దాటింది. కీచురాళ్ళు చెవులకు తూట్లు పొడుస్తున్నాయి. పది నిమిషాలు నిలబడ్డారు. ఇంకో పది. ఆఫీసరు ఒక బూటు మీంచి ఇంకో బూటు మీదికి బరువు మార్చుకుంటున్నాడు.

ఇక్కడ డెల్ఫీనా గురించి ఎవరికీ తెలియని మాట ఒకటి చెప్పాలి. ఆ పిట్ట పాట ఆమెకు వినబడటం మానేసి నాలుగేళ్ళయింది. ఆ పాట సూది కన్నా సన్నం. ఈలలన్నిటికీ పైన, చెవి అందుకోగల కొసన ఉంటుంది. వయసు ముందుగా పట్టుకుపోయేది ఆ కొసనే. పిట్టలు చూడవచ్చే వాళ్ళను ఆమె ఇప్పటికీ తిప్పుతూనే ఉంది. కదిలే ఆకును చూసి, అదరే గొంతును చూసి, అదిగో పాడుతోంది అని చెబుతుంది. వాళ్ళు వింటారు. తను విన్నట్టు తల ఊపుతుంది. ఇవాళ ఆకు కదలడం లేదు. పాడుతుందో లేదో ఆమెకు తెలిసే దారి లేదు. ఆఫీసరు ఆమెకన్నా పెద్దవాడు. ఫాబ్రీసియో చెవులు కుర్రచెవులే, కానీ అవి ఈ అడవివి కావు. అతనికి అది కీచురాళ్ళలో కలిసిపోతుంది.

మిగిలింది అన్సెల్మో. అక్కకన్నా తొమ్మిదేళ్ళు చిన్న. చిన్నప్పుడు ఆ ఇంట్లో అందరికన్నా ముందు పిట్ట వినేది వాడే. వాడు చెప్పక్కర్లేదు. నోరు మూసుకుని ఇంకో అరగంట నిలబడితే చాలు, నేల వాడిది.

అందుకని డెల్ఫీనా అడవిని చూడటం మానేసి తమ్ముడిని చూస్తూ నిలబడింది. అతను మేకు మీద చెయ్యి ఆనించి, నేలలోకి చూస్తున్నాడు. పదీ ముప్ఫై అయిందేమో, అతని తల కాస్త, కోడి తిప్పినంత, ఎడమకు తిరిగింది.

వాళ్ళ అమ్మ శాన్ హువాన్ నది అవతలి దేశం మనిషి. ఆ ఇంట్లో వేలు పెట్టి చూపించడం లేదు. వేలు పెడితే చెయ్యి మీద దెబ్బ పడేది. ఉప్పు ఎక్కడుందో, తప్పిపోయిన కోడిపెట్ట ఎక్కడుందో, వీధిలో వచ్చేదెవరో, అన్నీ పెదాలు ముడిచి మూతితోనే చూపించాలి. అమ్మ గిన్నెలు తోముతూ, తల ఎత్తకుండా, పొడిగా ఒక్క మాట అడిగేది. పిల్లలు ఎవరో ఒకరు మూతి తిప్పేవాళ్ళు.

డెల్ఫీనా గొంతు తగ్గించి, ఏమీ పట్టనట్టు అడిగింది.

"ఎటు?"

అన్సెల్మో పెదాలు ముడుచుకున్నాయి. వాగు మలుపు దగ్గర, అడవిఅరటి ఆకుల గుంపు వైపు మూతి చూపించింది. తను ఇవాళ ఏ పక్షానో అతనికి గుర్తొచ్చేసరికి మూతి తన పని చేసేసింది.

డెల్ఫీనా దుర్భిణి ఆఫీసరు మెడలో వేసి, భుజం పట్టుకుని అటు తిప్పింది. కిందికి చూడమంది, ఆకుల కింద, నేల మీద. ఆయన మొదట ఏమీ లేదన్నాడు. తరవాత దుర్భిణిని రెండు చేతులా కదలకుండా పట్టుకున్నాడు.

ఆ చీకట్లో ముందు కనబడేది ముక్కే. పండిన పెహిబాయె కాయ రంగు, మండే నారింజ. ఆ తరవాత, కళ్ళు అలవాటుపడ్డాక, మిగతా పిట్ట దాని వెనక తయారవుతుంది. నల్ల తల, కళ్ళ మీద తెల్ల కనుబొమ్మలు, తెల్ల గొంతు, రొమ్ముకు అడ్డంగా నల్ల పట్టీ, ఆకుపచ్చ వీపు, రెక్క వంపు దగ్గర చిటికెడు పసుపు. రెండు కాళ్ళూ కూడదీసి ఒక్కసారిగా వెనక్కి తన్నింది. ఎండాకులు ఎగిరాయి. తలవంచి ఏదో అందుకుంది. అప్పుడు ఆకుల కింద నుంచి ఇంకొకటి వచ్చింది, మసి పూసినట్టున్నది, పొట్టి తోకది. రెక్కలు వణికిస్తూ ముందు నిలబడింది. నారింజ ముక్కు వెళ్ళి నల్ల ముక్కులో పురుగు పెట్టింది.

ఆఫీసరు చాలాసేపు చూశాడు. దుర్భిణి తీసి ఫాబ్రీసియోకు ఇచ్చాడు. అతనూ చూశాడు.

"పొరపాటు నాది. పిల్లే," అన్నాడు.

ఆఫీసరు మోచేతి మీద రాత అట్ట ఆనించుకుని నిలబడే రాశాడు. రాసింది చదివి వినిపించాడు కూడా. అడవి లోపలే బతికే పిచ్చుక ఈ సగంలో గూడు కట్టి పిల్లను సాకుతుండగా తాను స్వయంగా చూశానని, పాత కాగితంలోని పేరు ఒక ఇంటి వాడుక మాట వల్ల వచ్చిన పొరపాటని, తన అభిప్రాయంలో ఇది అడవి అని. ముద్ర మాత్రం ఆఫీసులో పడాలి, సోమవారం. డెల్ఫీనాకు పెద్దగా సంతోషం కలగలేదు. తమ్ముడి వైపు చూడాలంటే మొహం చెల్లలేదు.

అతనే దగ్గరికి వచ్చాడు. మిగతావాళ్ళకు వినబడకుండా అన్నాడు.

"మోసం చేశావక్కా."

"నేనేం చేశానురా? ఎటు అని అడిగాను."

"అమ్మలా అడిగావు."

నిజంగానే అమ్మలా అడిగింది.

ఆఫీసరుకు ఆ బొమ్మ కూడా ఫైల్లోకి కావలసి వచ్చింది. పొద్దున అది తుప్పకు సాక్ష్యం, ఇప్పుడు అడవికి సాక్ష్యం. పిట్ట ఒక్కటే కోసిన ముక్క కాదు, తేదీతో సహా మొత్తం బొమ్మ కావాలన్నాడు. ఫాబ్రీసియో సరేనని తెర మీద బొమ్మను వెనక్కి చిన్నది చేశాడు. తేదీ సరిచూసుకోమని డెల్ఫీనా చేతికిచ్చాడు.

ఆమె తేదీ చూసింది. తరవాత పిట్ట చూసింది. పిట్ట వెనక, బొమ్మ ఎడమ మూలన, బెరడు తీసిన కర్ర ఒకటి నేలలో దిగేసి ఉంది. దాని నెత్తిన తెల్ల రంగుతో అంకెలు. మూడు, ఒకటి: ముప్ఫై ఒకటి. పొద్దుటి నుంచీ అందరూ ముక్కునే చూశారు, ఆమె కూడా.

ఆమె ఇరవై రెండో మేకు వైపు చూసింది. దాని అవతల వాగు. వాగు అవతల తన సగం.

ఫోను తమ్ముడి చేతిలో పెట్టింది. అన్సెల్మో కూడా ముందు పిట్టనే చూశాడు. తరవాత అతని బొటనవేలు తెర మీద ఎడమ మూలకు జరిగి అక్కడ ఆగిపోయింది. కెమెరా ఎక్కడ కట్టారని ఫాబ్రీసియోను అడిగాడు. కట్టింది కంపెనీ పొలం మనుషులనీ, తన చేతికి బొమ్మలే వస్తాయనీ, అన్నీ మీ సగంలోవే అని తనతో చెప్పారనీ అతను అన్నాడు. అబద్ధమాడుతున్నట్టు లేదు. అతని మొహం కూడా మారింది.

"నేను తట్టి లెక్కపెట్టినవి ఇరవై రెండు," అన్నాడు అన్సెల్మో. ఎవరితో అన్నాడో తెలియలేదు. అక్క ఒక్కతే తల ఊపింది.

పైన ఆకుల మీద వాన చప్పుడు మొదలైంది. చుక్కలు ఇంకా కిందికి దిగలేదు. అన్సెల్మో ఫోను ఆఫీసరుకు ఇచ్చేశాడు. ఒరలోంచి మచ్చుకత్తి తీసి, బూట్లతోనే వాగులోకి దిగాడు. నీళ్ళు మోకాళ్ళు దాటి తొడలకు వచ్చాయి. ఫిబ్రవరి నుంచీ అతను ఆ ఒడ్డు ఎక్కలేదు. ఎక్కి, ఫెర్న్ మొక్కలను కత్తి వెన్నుతో పక్కకు నెట్టాడు. అక్కడే ఉంది మేకు. అతను దాన్ని చేత్తో తట్టాడు. నాలుగడుగులు లోపలికి వేసి ఇంకోదాన్ని తట్టాడు. తరవాత తల ఎత్తి, ఆ మేకుల వరస ఎటు పోతోందో చూస్తూ నిలబడిపోయాడు.

"ఎటురా?" అంది డెల్ఫీనా ఇవతలి ఒడ్డు నుంచి. ఈసారి అమ్మ గొంతుతో కాదు.

అన్సెల్మో పెదాలు ముడిచి, వానలో, ఆమె ఇల్లున్న వైపు చూపించాడు.